పేరా, నంబరా?

ప్రశ్న: మా పాపకు లాప్‌టాప్ కొందామని అంగడికి పోతే పేర్లన్నీ అక్షరాలూ అంకెలే. కొత్త లాప్‌టాప్‌కు పేరెలా పెడితే బాగుంటుంది సార్?
— ఒక తండ్రి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: నోరు తిరిగేలా పెట్టాలి. ఐబీఎం కంపెనీ 1992లో తన లాప్‌టాప్‌కు 'థింక్‌ప్యాడ్' అంది. ఉద్యోగులకిచ్చే, 'థింక్' అని అచ్చేసిన చిన్న నోటుపుస్తకం నుంచి వచ్చిన పేరది. 2005లో ఆ వ్యాపారం లెనోవో చేతికి పోయినా పేరు పోలేదు. ఆపిల్ 2006లో పవర్‌బుక్, ఐబుక్‌లను తీసేసి మ్యాక్‌బుక్ అంది, నాకైతే నచ్చలేదు (పవర్‌బుక్ దర్జానే వేరు!). మామిళ్లలో బేనీషా తినేదానికి, తోతాపురి గుజ్జుకని మన చిత్తూరు మండీలో ఎవురినడిగినా చెప్తారు. లాప్‌టాప్ పేరు చివర ప్రో, ఎయిర్ లాంటి తోకలు ఆ పాటి తేడా చెప్తే చాలు. మీరు మాత్రం పూర్తి మోడల్ నంబరు రాసుకోండి. ఒకే పేరు కింద ప్రాసెసర్ (లెక్కలు చేసే చిప్పు), ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ) వేర్వేరుగా ఉంటాయి.