ఇల్లు ఆవిడకు, లోన్ ఇద్దరి పేరునా? ముందు బ్యాంకు సంగతి తేల్చుకోండి

ఫ్లాట్ ఇద్దరి పేరున ఉంది, హోమ్ లోన్ ఇంకా పన్నెండేళ్లుంది, పరస్పర అంగీకార విడాకుల్లో మొదటి మోషన్ (కోర్టులో మొదటి విడత) అయింది, మీ వాటా మీ భార్యకు రాసిచ్చేద్దామనుకుంటున్నారు. 'ఇకపై ఈఎంఐలు ఆవిడే కడుతుంది' అని ఒప్పందంలో రాస్తే చాలన్నారట మీ లాయరు. చాలదండి.

హైదరాబాద్‌లో నేనూ ఇలాగే నా వాటా రాసిచ్చాను. ఆ ఒప్పందం మీ ఇద్దరి మధ్యే, బ్యాంకుకు దాంతో సంబంధం లేదు. లోన్ అగ్రిమెంట్‌లో మీరున్నంతకాలం బాకీ మొత్తానికీ మీరు బాధ్యులే, సగానికి కాదు. ఆవిడ ఒక నెల కట్టకపోతే మీ సిబిల్ (అప్పులు తీర్చే తీరును చూపే స్కోరు) కూడా దెబ్బతింటుంది. రేపు మీరు ఇంకో ఇల్లు కొనబోతే ఈ ఈఎంఐ మీ లెక్కలోనే వేస్తారు.

బ్యాంకువాళ్లు ఉన్న లోన్‌లోంచి ఊరికే ఒక పేరు తీసేయరు. మా కేసులో నా భార్యను కొత్తగా లోన్ అడుగుతున్న మనిషిలాగే చూశారు: జీతం స్లిప్పులు, ఫారం 16, ఫ్లాట్ వాల్యుయేషన్, అన్నీ మళ్లీ. తన ఒక్క జీతానికి వచ్చే లోన్ బాకీ కంటే తక్కువ తేలింది. వాళ్ల నాన్నగారు కో-అప్లికెంట్‌గా చేరతానన్నారు గానీ, ఆయన రిటైరయ్యారు, వయసు కుదరలేదు. చివరికి రిటైర్మెంట్ డబ్బులోంచి కొంత అసలు కట్టారు, మిగిలినది తన జీతానికి సరిపోయింది. సొంతానికి తీసుకున్న ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌కి ఇలా ముందే కడితే పెనాల్టీ వేయకూడదని ఆర్‌బీఐ నియమం, అడిగితే ఒప్పుకోకండి. మీ బ్యాంకు కాదంటే, ఆవిడ ఒక్కరి పేరున వేరే బ్యాంకుకు లోన్ మార్చుకోవచ్చు. నాకైతే అదే మేలనిపిస్తుంది, పాత ఖాతా పూర్తిగా మూతపడుతుంది.

ఒప్పందంలో గడువు కూడా పెట్టించండి. ఫలానా తేదీకి లోన్ మారకపోతే ఫ్లాట్ అమ్మి, బాకీ తీర్చి, మిగిలింది పంచుకోవాలని. ఈ మాట ఎత్తడం ఇబ్బందిగానే ఉంటుంది, అయినా ఎత్తాలి.

ఒరిజినల్ డాక్యుమెంట్లు బ్యాంకు దగ్గర తాకట్టులో ఉన్నాయి కాబట్టి ఎన్‌ఓసీ (తమకు అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే లెటర్) లేకుండా రిజిస్ట్రేషన్ జోలికి వెళ్లొద్దు. 'అది లేకపోయినా అయిపోతుంది సార్' అనే డాక్యుమెంట్ రైటర్లు ఉంటారు. ఆవిడ పేరున లోన్ సాంక్షన్ లెటర్, ఎన్‌ఓసీ రెండూ వచ్చాకే మేం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాం. రిలీజ్ డీడా (హక్కు వదులుకునే పత్రం), గిఫ్ట్ డీడా (దానపత్రం) అన్నదాన్ని బట్టి స్టాంప్ డ్యూటీ మారుతుంది, ముందే లెక్క వేయించుకోండి.

టైమింగ్ కూడా చూసుకోవాలి. భార్యాభర్తలుగా ఉండగా గిఫ్ట్ ఇస్తే పుచ్చుకున్నవాళ్లకు ఆదాయపు పన్ను ఉండదు. విడాకుల డిక్రీ (కోర్టు తీర్పు) వచ్చాక పన్ను చట్టం లెక్కలో మీరు బంధువులు కారు. మీ వాటాకు ఆవిడ డబ్బిస్తే మీకు క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మిన లాభం మీద పన్ను) వస్తుంది. రెండో మోషన్‌కు (డిక్రీ ఇచ్చే విడతకు) ముందే ఆడిటర్‌ను కలవండి.

ఇంటి పన్ను, కరెంటు మీటరు పేరు మార్పు ఆవిడ చూసుకుంటారు. మీరు మాత్రం మీ ఖాతా నుంచి ఈఎంఐ మాండేట్ (నెలనెలా డబ్బు కట్ చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి) రద్దు చేయించి, మిమ్మల్ని బాధ్యత నుంచి తప్పించినట్టు బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. కొన్ని నెలలయ్యాక కూడా సిబిల్ రిపోర్టులో ఆ లోన్ మీ పేరున నడుస్తున్నట్టే కనిపిస్తే, ఆ లెటర్ పెట్టి డిస్ప్యూట్ వేయొచ్చు.