మడత కళ్ళద్దాలు కొనబోతున్న మేనల్లుడికి

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

మడత పడే కూలింగ్ గ్లాసులు కొంటున్నావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "నాలుగు జతలు పోగొట్టాడు, ఇప్పుడు ఇంకోటంట" అని సణిగింది కూడా. ఆ నాలుగూ ఎట్టా పోయాయో నాకు తెలుసులే. ఒకటి బండి అద్దానికి తగిలించి మర్చిపోయావు. ఒకటి షెడ్డులో మేత బస్తా మీద పెడితే ఎవరో దాని మీదే కూర్చున్నారు. ఒకటి, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తడానికి వంగినప్పుడు చొక్కా జేబులోంచి జారి రొయ్యల గుంటలో పడింది. నాలుగోది నువ్వే చెప్పలేదు, నేనూ అడగను. ఎండలోంచి నీడలోకి, నీడలోంచి ఎండలోకి రోజంతా తిరిగే పని నీది. తీసిన అద్దాలకు చోటు లేకనే కదా ఇదంతా. అందుకే నీకు మడతవి కొనమనే అంటాను. కానీ చూసి కొను అబ్బయా.

మామూలు జోడుకు కాడల దగ్గర రెండే కీళ్లు. మడతదానికి ఐదు: ఆ రెండూ కాక ఒక్కో కాడ మధ్యలో ఒకటి, ముక్కు మీద ఇంకొకటి. మడిస్తే ఒక్క అద్దమంత వెడల్పుకు వచ్చేస్తుంది, మందం మాత్రం పెరుగుతుంది. వెనక జేబులో పెట్టుకుని బండెక్కావంటే ఐదో జత లెక్కలోకి వస్తుంది.

దీని పుట్టిల్లు ఇటలీ. ట్యూరిన్‌లో పెర్సోల్ అనే కంపెనీ 1957లో ట్రాము డ్రైవర్ల కోసం 649 అనే అద్దాలు చేసింది, కళ్ళల్లో గాలీ దుమ్మూ పడకుండా. అదే రూపానికి తర్వాత మడత పెట్టి 714 అన్నారు. 1968లో హాలీవుడ్ హీరో స్టీవ్ మెక్వీన్ సినిమాలో పెట్టుకున్నాక దానికి మోజు పెరిగింది. సోకు వెనకొచ్చింది, ముందున్నది ఎండలో పనిచేసే డ్రైవరే. రేబాన్ వాళ్ళు కూడా తమ వేఫేరర్ అనే మోడల్‌ను మడతలో తెచ్చారు.

ముప్పై ఏళ్ళు కళ్ళద్దాల షాపులో చేసిన నేనే ఒకసారి మోసపోయాను. రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర బండి మీద చూసి ముచ్చటపడి కొన్నాను. వారం తిరక్కుండా ముక్కు మీద కీలు వదులైంది, ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి. మీ అత్త ఇప్పటికీ నవ్వుతుంది. ఆ కీలే దీని ప్రాణం. షాపులో ఒక అద్దం పట్టుకుని మెల్లగా ఆడించు, రెండోది వాలిపోతే వద్దు. కాడలు చాపి, తలకిందులుగా కౌంటర్ మీద పెట్టు, ఎగుడుదిగుడుగా ఊగకూడదు. కీలుకు రివెట్ (విప్పడానికి రాకుండా కొట్టి బిగించిన మేకు) కాకుండా స్క్రూ ఉందేమో చూడు. స్క్రూ అయితే వదులైనప్పుడు బిగించుకోవచ్చు, రివెట్ వదిలితే మన ఊళ్ళో ఎవరూ ముట్టుకోరు.

అద్దం సంగతి. నల్లగా ఉంటే చాలనుకోకు. అల్ట్రావయొలెట్‌ను ఆపని నల్లద్దం వెనక కంటిపాప పెద్దదై ఆ కిరణాలను ఇంకా ఎక్కువ లోపలికి రానిస్తుంది. యూవీ 400, అంటే ఆ అల్ట్రావయొలెట్‌ను ఆపే రకమా అని అడుగు, అది కొలిచే మీటరు ఉన్న షాపైతే పెట్టి చూపించమను. నీకు పోలరైజ్డ్ తప్పదు. నీళ్ళ మీద నుంచి కొట్టే తళుకును అది కోసేస్తుంది, గుంటలో పైపైన ఏముందో కనపడుతుంది. రంగు మాత్రం బూడిదరంగే తీసుకో. బ్రౌన్ పెట్టుకుని నీళ్ళ రంగు చూస్తే పచ్చగా ఉన్నదేదో గోధుమరంగుకు తిరిగిందేదో తేడా తెలీదు, ఊరికే టెన్షన్ పడతావు. పోలరైజ్డ్‌తో ఒక్క ఇబ్బంది, అది పెట్టుకుని ఫోన్ ఒక కోణంలో తిప్పితే స్క్రీన్ నల్లబడవచ్చు. చెడిపోయిందనుకుని షాపుకు పరిగెత్తబోకు.

మడవడానికి వరసుంది. ముందు కాడల్ని నడిమికి విరిచి, తర్వాత లోపలికి తిప్పి, చివర్లో ముక్కు దగ్గర మూయాలి. వరస తప్పి బలవంతం చేస్తే మొదట పోయేది ఆ ముక్కు మీది కీలే. మైపాడు సముద్రపు గాలిలో ఉప్పు, గట్టు మీద ఇసుక, రెండూ కీళ్ళల్లోకి దూరతాయి. సాయంత్రం మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టు. చొక్కా అంచుతో తుడిచావో, గీతలు పడ్డాయని నా దగ్గరికి రావద్దు. హెల్మెట్ పెట్టుకున్నాక కాడలు దూర్చేటప్పుడు కూడా కాడ మధ్య కీలు వంగుతుంది, నిదానంగా దూర్చు.

పవర్ అద్దాలు వేయించాలంటే నా మాట విని మామూలు ఫ్రేమే తీసుకో. మందం అద్దాలు సరిగ్గా మడత పడవు, కీలు వదులైతే తలనొప్పి కూడా.

ఆదివారం ట్రంకు రోడ్డుకు రా, నేనూ వస్తాను. ఆ షాపు కుర్రాడి ముందు కీళ్ళు నేనే ఆడించి చూస్తాను. రేటెంతయిందో మీ అమ్మకు మాత్రం నువ్వే చెప్పుకో.

మీ మామయ్య