గడ్డ మీద కత్తి పెట్టే ముందు

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. తొడ వెనక గడ్డ లేస్తే కొవ్వుగడ్డే కదా అని దగ్గర్లోనే తీయించాం. 8 సెం.మీ. ఉంది. రిపోర్టులో ‘స్పిండిల్ సెల్ సార్కోమా, గ్రేడ్ 2, అంచుల్లో కణితి ఉంది’ అని వచ్చింది. క్యాన్సర్ ఆసుపత్రికి వెళితే రిపోర్టు చాలదు, బ్లాకులు తెమ్మన్నారు. మొదటి రిపోర్టు మీద నమ్మకం లేకనా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: నమ్మకం లేక కాదు, ఆ రిపోర్టులో ఇంకా జబ్బు పేరు లేదు. స్పిండిల్ అంటే కదురు. కణాలు కదురు ఆకారంలో ఉన్నాయని మాత్రమే దాని అర్థం. సినోవియల్ సార్కోమా, లియోమయోసార్కోమా అనే క్యాన్సర్లలోనూ, ప్రమాదం లేని కొన్ని గడ్డల్లోనూ అలాంటి కణాలే కనిపిస్తాయి. కండ, కొవ్వు, రక్తనాళాల వంటి మెత్తని కణజాలంలో పుట్టే సార్కోమాలు 70 రకాలకు పైనే. పెద్దల క్యాన్సర్లలో ఇవన్నీ కలిపినా నూటికి ఒకటి. అందుకే వీటిని తరచూ చూసే పెథాలజిస్టు (కణజాలాన్ని మైక్రోస్కోపు కింద పరీక్షించే డాక్టరు) మళ్లీ చూడటం మంచిది.

బ్లాకు అంటే మైనంలో పోత పోసిన మీ నాన్నగారి గడ్డ ముక్క. దాని నుంచి 3, 4 మైక్రాన్ల పొరలు కోసి, కణాల్లోని ప్రొటీన్లకు రంగు పట్టించి చూసే ఇమ్యునో పరీక్ష చేస్తారు. డెస్మిన్, ఎస్‌ఎంఏ అనే ప్రొటీన్లు రంగు పట్టుకుంటే కండరం వైపు చూస్తారు. అదీ చాలకపోతే జన్యువులను మెరిసే గుర్తులతో చూసే ఫిష్ పరీక్ష. ఎండీఎం2 జన్యువు కాపీలు బాగా పెరిగి ఉంటే లైపోసార్కోమా వైపు, ఎస్‌ఎస్18 జన్యువు తెగి ఉంటే సినోవియల్ సార్కోమా వైపు మొగ్గుతారు. ఏ మందు పనిచేస్తుందన్నది ఈ పేరు మీదే ఆధారపడుతుంది.

గ్రేడును, అంటే కణితి ఎంత ఉధృతమైనదన్న అంచనాను, మళ్లీ లెక్కిస్తారు. ఎక్కువగా వాడే ఫ్రెంచి పద్ధతిలో కణం తన మూలానికి ఎంత దూరమైందన్న దానికి 1 నుంచి 3 మార్కులు. విభజన చెందుతున్న కణాలు పది హైపవర్ ఫీల్డుల్లో (మైక్రోస్కోపులో బాగా పెద్దది చేసి చూసే చోట్లలో) 9 దాకా ఉంటే 1, 19 దాకా 2, ఇరవై, ఆపైన 3. చచ్చిన భాగం లేకపోతే 0, సగం కంటే తక్కువైతే 1, సగం, ఆపైన 2. మొత్తం 2, 3 వస్తే గ్రేడ్ 1. 4, 5 అయితే గ్రేడ్ 2. 6 నుంచి 8 గ్రేడ్ 3. చచ్చిన భాగం నుంచి ముక్క తీసుకోకపోతే గ్రేడు తక్కువగా పడుతుంది. కణితి పొడవులో ప్రతి సెంటీమీటరుకూ కనీసం ఒక ముక్క తీయమనడం అందుకే.

అంచుల్లో కణితి ఉందంటే సాధారణంగా మళ్లీ ఆపరేషన్ అవసరమవుతుంది. ఈసారి తీసిన భాగానికి పై వైపు ఏదో, లోపలి వైపు ఏదో సర్జన్ దారపు కుట్లతో గుర్తు పెట్టాలి. పెథాలజిస్టు అంచులకు ఇంకు పూసి, కణితి ఎన్ని మి.మీ. దూరంలో ఆగిందో కొలుస్తారు. ముక్కలు ముక్కలుగా పంపితే ఈ కొలత ఎవరూ చెప్పలేరు.

ఒక్క స్లైడు కాదు, బ్లాకులన్నీ తీసుకెళ్లండి. వాటి నంబర్లు రాయించుకోండి. పాత స్కాను, ఆపరేషన్ నోట్సు కూడా పట్టుకెళ్లండి. బ్లాకులు ఏళ్ల తరబడి పాడవవు గానీ, ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే మైనం మెత్తబడుతుంది.

ప్రశ్న: మా అత్తగారికి భుజం కింద 6 సెం.మీ. గడ్డ. సూదితో ముక్క తీస్తామంటున్నారు. సూది తగిలితే పాకుతుందని ఇంట్లో అందరూ భయపెడుతున్నారు.
– పాఠకురాలు, తెనాలి

జవాబు: సూది దారిలో కణాలు మిగలడం చాలా అరుదు. తర్వాత చేసే ఆపరేషన్ కోత గీత మీదే సూది దించితే ఆ దారినీ గడ్డతోపాటు తీసేస్తారు. అసలు ప్రమాదం ముందుచూపు లేకుండా గడ్డను కోసేయడంలో ఉంది. అప్పుడు కారిన రక్తంతోపాటు కణాలు చుట్టుపక్కల పొరల్లోకి చేరతాయి. 5 సెం.మీ. దాటినా, కండ లోతుల్లో ఉన్నా, పెరుగుతున్నా ముందు ఎంఆర్‌ఐ, తర్వాత సూది, ఆ తర్వాతే కత్తి.

సన్న సూదితో రసం లాగే పరీక్ష ఇక్కడ సాధారణంగా చాలదు. 14 లేదా 16 గేజ్ సూదితో నాలుగైదు పోగులు కావాలి. వాటిని వెంటనే, కుళ్లకుండా కాపాడే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్కకు పదింతలు ద్రవం ఉండేలా వేయాలి. సెలైన్‌లో వేసి మర్నాడు పంపితే కణాలు కుళ్లి, పరీక్ష వృథా అవుతుంది. డబ్బా మీద పేరు, ఏ వైపు భుజమో రాశారో లేదో మీరే చూసుకోండి.

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. ముంజేతి మీద మూడు వారాల్లో 2 సెం.మీ. గడ్డ లేచింది. తీయించాను. ఒక ల్యాబు సార్కోమా అనుమానం అంది, ఇంకొకటి నాడ్యులర్ ఫేసైటిస్ అంది. దేన్ని నమ్మాలి?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ వయసు, చోటు, సైజు, పెరిగిన వేగం రెండోదానికే సరిపోతున్నాయి. ఇది ప్రమాదం లేని గడ్డే, కానీ విభజన చెందే కణాలు బోలెడు కనిపించి భయపెడుతుంది. వాటిలో వికృతమైన విభజనలు ఉండకూడదు; ఆ మాట రిపోర్టులో ఉందో లేదో చూడండి. యూఎస్‌పీ6 జన్యువుకు ఫిష్ చేయించండి. ఎక్కువమందిలో ఆ జన్యువు తెగి కనిపిస్తుంది. అది తేలేదాకా పెద్ద ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ ఒప్పుకోకండి. ల్యాబు ఫారంలో ‘మూడు వారాలు’ అన్న మాట తప్పక రాయించండి. అది తెలియకపోతే అనుభవమున్న పెథాలజిస్టు కూడా దారి తప్పవచ్చు.