చదవడం రాని పిల్లలకి రీడింగ్ యాప్‌లు క్లాసులో పనికొస్తాయా?

మీ బడికి ట్యాబ్‌లు వస్తున్నాయని, చదవడంలో వెనకబడ్డ పిల్లల కోసం అందులో ఏ యాప్ వేస్తే మంచిదని అడిగారు. ఏదైనా వేయండి, పెద్ద తేడా ఉండదు. తేడా అంతా పిల్లాడు చదివేటప్పుడు పక్కన ఎవరైనా కూర్చుని వింటున్నారా లేదా అన్న దగ్గరే ఉంటుంది.

మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాల. ఐదు తరగతులకి ఇద్దరం టీచర్లం. నాలుగో తరగతిలో ఒకబ్బాయి ఉండేవాడు. తెలుగు పాఠం చదవమంటే లేచి నిలబడి గడగడా అప్పజెప్పేవాడు. నోరు ఒక లైన్లో, వేలు ఇంకో లైన్లో. పేజీలో బొమ్మని బట్టి పాఠం గుర్తుపట్టేవాడు, బొమ్మ మీద నా చెయ్యి అడ్డం పెడితే అక్కడే ఆగిపోయేవాడు. అక్షరాలు వచ్చు. గుణింతం దగ్గర తడుముకుంటాడు. ఒత్తు కనబడితే మాత్రం అది అక్కడ లేనట్టే దాటేస్తాడు. నిమ్మకాయ వాడికి ‘నిమకాయ’, కొబ్బరి ‘కొబరి’. ఇలాంటి పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు, మూడో తరగతి దాటేదాకా ఎవరి కంటా పడరు. పడరు మరి, క్లాసంతా కలిసి చదివేటప్పుడు అందరికంటే పెద్ద గొంతు వీళ్ళదే.

వాడిని వరండాలో కూర్చోబెట్టి నా ఫోన్ ఇచ్చాను. తెర మీద కథ వస్తుంది, పిల్లలు పైకి చదవాలి, ఫోన్ విని, సరిగ్గా చదివితే చుక్కలు (స్టార్లు) ఇస్తుంది. రాని పదం మీద వేలితో నొక్కితే అదే పలికి వినిపిస్తుంది. గూగుల్ వాళ్ళ రీడ్ అలాంగ్ ఈ రకందే. 2019లో బోలో అన్న పేరుతో హిందీ, ఇంగ్లీషుల్లో మొదలైంది, తర్వాత తెలుగు కూడా చేర్చారు. కథలు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది, మారుమూల బళ్ళకి అదొక మేలు. నేను వాడింది వేరేది. పేరు చెప్పను, ఎందుకంటే ఇప్పుడు దాన్ని తిట్టబోతున్నాను.

వాడికి చుక్కలు తెగ వస్తున్నాయి. నాకు అనుమానం వచ్చి పక్కన కూర్చుని విన్నాను. అయ్యగారు ఒక్క పదం చదివితే ఒట్టు! ప్రతి పదం మీదా నొక్కడం, ఫోన్ చెప్పింది తిరిగి అప్పజెప్పడం. పాఠం దగ్గర వేసిన వేషమే ఫోన్ దగ్గరా వేస్తున్నాడు. నొక్కకుండా చదవరా అన్నాను. ‘నిమకాయ’ అన్నాడు. దానికీ చుక్క పడింది. వాడే ఆగి నా మొహం చూశాడు.

“టీచర్, నేను తప్పు చదివిన గద, మరి చుక్క ఎందుకిచ్చింది?”

“తప్పని నీకెట్ల తెలుసురా?”

“మా ఇంటెనక నిమ్మచెట్టున్నది టీచర్.”

ఇక చూడండి, వాడికి ఫోన్‌ని బోల్తా కొట్టించడమే ఆటైపోయింది. ఒత్తు మింగి ఒకసారి, ఒత్తి పలికి ఒకసారి చదివి, అది ఎక్కడ పట్టుకుంటుందో, ఎక్కడ వదిలేస్తుందో చూసేవాడు. ఈ ఆట ఆడాలంటే ముందు ఒత్తు ఎక్కడుందో వెతుక్కోవాలి కదా! అన్నాళ్ళు నేను బోర్డు మీద ఎర్ర చాక్‌పీసుతో రాసి చూపించినా నిలవని చూపు అప్పుడు ఒత్తుల మీద నిలిచింది. నేను చీటీల మీద గుడి–గుడ్డి, అటు–అట్టు, గడి–గడ్డి రాసి ఇచ్చి ఆ ఆటనే కాగితం మీదికి తెచ్చాను. ఐదో తరగతికి వచ్చేసరికి ఎప్పుడూ చూడని కథ ఇచ్చినా కూడబలుక్కుని చదివేవాడు. యాప్ వల్లనా అంటే సగం అవునంటాను. క్లాసులో తప్పు చదివితే పక్కవాళ్ళు నవ్వుతారు, ఫోన్ నవ్వదు, విసుక్కోదు. నేను విసుక్కుంటాను, రెండు తరగతులు ఒక గదిలో పెట్టుకుని విసుక్కోని టీచర్ ఉంటే చూపించండి.

మీటింగుల్లో, మైండ్‌స్పార్క్ అనే చదువు సాఫ్ట్‌వేర్ మీద ఢిల్లీలో జరిగిన అధ్యయనం గురించి గొప్పగా చెబుతారు. 2019లో అచ్చయింది. ఆ సాఫ్ట్‌వేర్ వాడిన పిల్లలకి లెక్కలూ, హిందీ రెండూ మెరుగైన మాట నిజమే. కానీ అక్కడ బడి అయ్యాక సెంటర్లో 90 నిమిషాలు, అందులో కంప్యూటర్ 45 నిమిషాలే. మిగతా 45 నిమిషాలు చిన్న గుంపుని కూర్చోబెట్టుకుని ఒక మనిషి చెప్పేది. ఆ మనిషి ఊసు మీటింగులో ఎవరూ ఎత్తరు, ఎత్తితే పోస్టు ఇవ్వాలి కదా.

ఇంకో బాధ, నిమిషానికి ఎన్ని పదాలు అన్న లెక్క. చిన్న తరగతుల్లోనే పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం ప్రకారం మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు, అర్థం చేసుకుంటూ చదవాలి. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుని బారెడవుతాయి. ‘తీసుకెళ్ళిపోయారట’ కూడా ఒక్క పదమే. చూడటానికి వచ్చినవాళ్ళు చేతిలో గడియారం పెట్టుకుంటే పిల్లాడు టెన్షన్‌లో పరుగెత్తుతాడు, పరుగెత్తితే మళ్ళీ ఒత్తులు మింగుతాడు. 2022లో తెలంగాణ బళ్ళలో చదవడం, లెక్కల పునాది కోసం తొలిమెట్టు కార్యక్రమం వచ్చాక పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వాళ్ళ స్థాయిని బట్టి చూడటం కొంత అలవాటైంది. అది బాగుంది. గడియారం లేకపోతే ఇంకా బాగుండేది. ఇక ఫోన్‌లో హాజరు, ఫోన్‌లో భోజనం లెక్క, ఫోన్‌లో ఫోటోలు. పిల్లాడికి ఇద్దామంటే నా ఫోన్‌లో మధ్యాహ్నానికి చార్జింగ్ ఉంటే కదా!

మీ ట్యాబ్‌ల సంగతికొస్తే, క్లాసులో అందరికీ ఒకేసారి పంచకండి. ఒకడి గొంతు పక్కవాడి ట్యాబ్ విని వాడికి చుక్క ఇస్తుంది. పెద్ద టీవీ మీద పెట్టి అందరిచేతా కోరస్ పలికించడం అంతకంటే దండగ. ఇద్దరు ముగ్గురిని వరండాలో దూరదూరంగా కూర్చోబెట్టండి, పది నిమిషాలు చాలు, అందులో రెండు నిమిషాలైనా మీరు పక్కన ఉండి వినండి. యాప్‌లో చదివిన కథనే మర్నాడు కాగితం మీద చదివించండి. ట్యాబ్‌లతో పాటు ఇయర్‌ఫోన్లు వస్తున్నాయో లేదో మాత్రం ఇప్పుడే కనుక్కోండి. మాకు రాలేదు, నేనే సంతలో కొన్నాను.