పెళ్లికి మూడు నెలల ముందు ముక్కు ఆపరేషన్... చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 26. హనుమకొండలో ఒక బ్యాంకులో పని చేస్తున్నాను. ఏడో తరగతిలో సైకిల్ మీద నుంచి పడి ముక్కుకు దెబ్బ తగిలింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. అప్పటి నుంచి ఎడమవైపు శ్వాస సరిగా ఆడదు. ముక్కు మధ్యలో బొడిపెలా కాస్త ఎత్తుగా ఉంటుంది, కొస కుడికి వంగి ఉంటుంది. మెడికల్ షాపులో తెచ్చుకున్న చుక్కలు వేసుకోనిదే రాత్రి నిద్ర పట్టదు. ఎనిమిది నెలలుగా ఇదే తంతు. ఈఎన్‌టీ డాక్టర్ చూసి ముక్కు దూలం (రెండు రంధ్రాల మధ్య గోడ) వంకరగా ఉంది, ఆపరేషన్ చేయించుకోమన్నారు. మరో మూడు నెలల్లో నా పెళ్లి. ఎలాగూ మత్తు ఇస్తారు కదా, ఆకారం కూడా అప్పుడే సరిచేయించుకుంటే ఫొటోల్లో బాగుంటానని అనుకుంటున్నాను. వాసన పోతుందని, మళ్లీ మళ్లీ చేయించుకోవాల్సి వస్తుందని ఇంట్లో భయపెడుతున్నారు. కోలుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది? పెళ్లిలో ముక్కుపుడక పెట్టుకోవచ్చా? బీమా వర్తిస్తుందా?

జవాబు: ఆకారం మార్చే ఆపరేషన్ పెళ్లికి ముందు వద్దమ్మా. శ్వాస కోసం చేసే ఆపరేషన్ సంగతి వేరు. దాని గురించి ఆలోచించవచ్చు, కానీ అంతకన్నా ముందు మానాల్సింది ఆ చుక్కలు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది దూలం కాదు, ఎనిమిది నెలల చుక్కలే. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ రకం చుక్కలు ముక్కులోపలి రక్తనాళాలను కుదించి నిమిషాల్లో దారి తెరుస్తాయి. జలుబు చేసినప్పుడు మూడు నుంచి ఐదు రోజులు వాడితే మేలే చేస్తాయి. అంతకు మించి వాడితే మందు ప్రభావం తగ్గగానే లోపలి పొర మునుపటికన్నా ఎక్కువగా ఉబ్బుతుంది. దిబ్బడ పెరిగిందని మళ్లీ చుక్కలు వేస్తాం, మళ్లీ ఉబ్బుతుంది. ఇప్పుడు మీకున్న దిబ్బడలో దూలం వాటా ఎంతో, చుక్కల వాటా ఎంతో మీ డాక్టర్ కూడా తేల్చి చెప్పలేరు. చుక్కల సంగతి ఆయనకు చెప్పారా? చాలామంది అదొక మందే కాదన్నట్లు చెప్పకుండా వదిలేస్తారు.

వీటిని మానడం కష్టమే, అసాధ్యం కాదు. సాధారణంగా మోమెటాసోన్ లేదా ఫ్లూటికాసోన్ ఉన్న స్టెరాయిడ్ స్ప్రే రాసి, చుక్కలను ఒక్కసారిగా ఆపమంటాం. లేదా ముందు ఒక రంధ్రంలో, తర్వాత రెండో దానిలో మానమంటాం. మొదటి వారం రాత్రులు ఇబ్బందిగానే గడుస్తాయి. స్ప్రే చుక్కల్లా వెంటనే పని చేయదు, రోజూ వాడితే రెండు మూడు వారాల్లో ఫలితం తెలుస్తుంది. పొద్దున వరుస తుమ్ములు, ముక్కు దురద, నీళ్లు కారడం కూడా ఉంటే అది అలర్జీ కావచ్చు. దూలం ఎంత తిన్నగా చేసినా అలర్జీ పోదు. ‘ఆపరేషన్ అయ్యాక కూడా దిబ్బడ తగ్గలేదు’ అని వచ్చేవారిలో ఇలాంటివారు చాలామంది ఉంటారు.

స్కాన్ రిపోర్టులో ‘డీఎన్ఎస్’ (దూలం వంకర) అని కనిపించగానే కంగారు పడనక్కరలేదు. దూలం నూటికి నూరుపాళ్లు తిన్నగా ఉన్నవారు అరుదు. వంకర ఉండీ ఏ ఇబ్బందీ లేనివారికి ఆపరేషన్ అవసరం లేదు. కొన్ని గంటలకోసారి ఒకవైపు బిగుసుకుని రెండోవైపు తెరుచుకోవడం కూడా ఆరోగ్యమైన ముక్కు చేసే పనే. మీకు మాత్రం చిన్నప్పటి దెబ్బ తర్వాత ఎప్పుడూ ఎడమవైపే మూసుకుంటోంది కాబట్టి దూలం నిజంగానే అడ్డుపడుతూ ఉండవచ్చు. చుక్కలు మానేసి, నెల నుంచి ఆరు వారాలు స్ప్రే వాడాక మళ్లీ ఎండోస్కోపీతో చూపించుకోండి. అప్పుడు కనిపించేదే అసలు సమస్య.

ఇక ఆపరేషన్ల తేడా. రెండు రంధ్రాల మధ్య గోడే దూలం. ముందు భాగం మృదులాస్థి, వెనుక భాగం ఎముక. శ్వాస కోసం చేసే సెప్టోప్లాస్టీలో రంధ్రం లోపలి నుంచే పొరను లేపి, వంగిన భాగాన్ని సరిచేసి లేదా కొంత తీసేసి, పొరను మళ్లీ అతికిస్తారు. బయట మచ్చ ఉండదు, మామూలుగా ఆకారం కూడా మారదు. ఆకారం మార్చే రైనోప్లాస్టీలో బయటి ఎముకను, కొస మృదులాస్థిని తిరిగి తీర్చుతారు. దీన్ని లోపలి నుంచే చేయవచ్చు, లేదా రెండు రంధ్రాల మధ్యనున్న సన్నని చర్మంపై చిన్న గాటు పెట్టి చేయవచ్చు. ఆ గాటు మచ్చ సాధారణంగా కొన్ని నెలల్లో గుర్తుపట్టలేనంతగా కలిసిపోతుంది.

‘శ్వాసకు ఇప్పుడు, అందానికి తర్వాత’ అనుకుంటే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. కొందరికి సరిపోతుంది, మీకు సరిపోకపోవచ్చు. గుడారానికి గుంజ ఎలాగో ముక్కుకు దూలం అలాగ. మీ ముక్కు కొస కుడికి వంగడానికి లోపలి దూలమే కారణమై ఉండవచ్చు. పైగా ఆకారం దిద్దేటప్పుడు కొసకు ఊతమిచ్చే ముక్కలను సర్జన్ ముందుగా ఈ దూలం నుంచే తీసుకుంటారు. మొదటి ఆపరేషన్‌లో దాన్ని తీసి పారేస్తే రెండోసారి చెవి నుంచో పక్కటెముక నుంచో తీసుకోవాల్సి వస్తుంది. లోపల మచ్చకట్టిన కణజాలంలో పని చేయడం కూడా కష్టం. అందుకే ఆకారం మార్చుకోవాలన్న కోరిక మీలో గట్టిగా ఉంటే రెండూ ఒకేసారి, పెళ్లయ్యాక చేయించుకోవడం మేలని నా అభిప్రాయం. ఆ కోరిక పెళ్లి ఫొటోల వరకే అయితే శ్వాస ఒక్కటే చూసుకోండి.

పెళ్లికి ముందు ఎందుకు వద్దంటున్నానంటే, ఆపరేషన్ రెండు మూడు గంటల్లో అయిపోతుంది గానీ ముక్కు అసలు రూపు తేలడానికి ఏడాది పడుతుంది. కళ్ల కింది కమిలిన మచ్చలు రెండు వారాల్లో, వాపులో ఎక్కువ భాగం కొన్ని వారాల్లో తగ్గుతాయి. కొస వాపు మాత్రం మొండిది. చర్మం మందంగా ఉన్నవారిలో మరీ నెమ్మదిగా తగ్గుతుంది, మనవాళ్లలో చాలామందికి కొస దగ్గర చర్మం మందమే. మూడో నెలలో పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా కనిపించవచ్చు. ఆ దశలో ముక్కును తలంబ్రాల హడావుడిలో, ఫొటోగ్రాఫర్ లైట్ల ముందు పెట్టడం మీ మనశ్శాంతికి మంచిది కాదు.

సెల్ఫీలో కనిపించే ముక్కును నమ్మకండి. ఫోను ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఐదడుగుల నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. పెళ్లి ఫొటోలు తీసేవారు అంత దగ్గరికి రారు.

నేను వద్దన్నానని పావుగంటలో ఇంజెక్షన్‌తో ముక్కు తీర్చిదిద్దుతామనే ప్రకటనల వైపు చూస్తారేమోనని కూడా చెబుతున్నాను. ముక్కు మీద ఫిల్లర్ (చర్మం కింద నింపే జెల్) వేయడం తేలిక పని కాదు. మందు పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు, అరుదుగా చూపు శాశ్వతంగా పోవచ్చు. బ్యూటీ పార్లర్లో అసలే వద్దు.

ఇంట్లోవారి భయాల విషయానికి వస్తే, ముక్కు శస్త్రచికిత్స మన దగ్గర కొత్తదేమీ కాదు. సుశ్రుతుడి గ్రంథంలో చెంప చర్మంతో ముక్కును తిరిగి కట్టే పద్ధతి ఉంది. 18వ శతాబ్దం చివర పుణెలో, యుద్ధంలో ముక్కు కోయించుకున్న కావస్జీ అనే బండివాడికి నుదుటి చర్మంతో ముక్కు కట్టిన వృత్తాంతం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. దాన్ని చూశాకే అక్కడి సర్జన్లు ఈ విద్యను పట్టుకున్నారు. అంత పాత విద్య అయినంత మాత్రాన ప్రమాదాలు లేవని కాదు. వాపు వల్ల కొన్ని వారాలు వాసన తగ్గడం మామూలే, శాశ్వతంగా పోవడం అరుదు. పై ముందుపళ్లు, పెదవి కొన్నాళ్లు మొద్దుబారినట్లు ఉండవచ్చు. దూలానికి రంధ్రం పడితే పక్కు కట్టడం, ఊపిరి తీసినప్పుడు ఈల శబ్దం రావచ్చు. ఆకారం మార్చే ఆపరేషన్ అయినవారిలో వందకు ఐదు నుంచి పదిహేను మందికి మళ్లీ సరిదిద్దాల్సి వస్తుందని వివిధ అధ్యయనాల అంచనా. అలా వచ్చినా ఏడాది ఆగాకే చేస్తారు. ఈ మాట సర్జన్ తనంతట తాను చెప్పకపోతే మీరే అడగండి. ‘మీ దగ్గర ఎంతమందికి మళ్లీ చేయాల్సి వచ్చింది?’ అన్న ప్రశ్నకు విసుక్కునేవారి దగ్గర చేయించుకోకపోవడమే మంచిది.

ఆపరేషన్ ఎప్పుడు పెట్టుకున్నా, వాడుతున్న ప్రతి మందూ ముందే చెప్పాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, చేపనూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి గుళికలు రక్తస్రావాన్ని పెంచుతాయి. మామూలుగా వీటిని వారం రెండు వారాల ముందు ఆపుతారు. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారు మాత్రం ఆ డాక్టర్‌ను అడగకుండా ఆపకూడదు. పొగ తాగేవారు ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు మానాలి.

ఆపరేషన్ తర్వాత చాలామందిని వేధించేది నొప్పి కాదు, ముక్కు పూర్తిగా మూసుకుపోవడం. లోపల ప్యాకింగ్ పెడితే ఒకటి రెండు రోజుల్లో, సిలికాన్ స్ప్లింట్లు (దూలానికి ఊతంగా ఉంచే పలకలు) పెడితే వారానికి తీస్తారు. రైనోప్లాస్టీ అయితే ముక్కు పైన కూడా వారం రోజులు పట్టీ ఉంటుంది. నోటితో ఊపిరి తీసుకోవాలి కాబట్టి గొంతు ఎండిపోతుంది, పక్కన నీళ్లు ఉంచుకోండి. తల ఎత్తుగా ఉండేలా రెండు దిండ్లు వేసుకుని వెల్లకిలా పడుకోవాలి. మొదటి రెండు మూడు రోజులు నీళ్లలా పల్చటి రక్తం కారడం మామూలే. రెండు వారాలు ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి. అందుకే ఆ రోజుల్లో వంటింటి వైపు వెళ్లకండి, మిరపకాయల తాలింపు ఘాటు ఒక్కటి చాలు కుట్లు కదలడానికి.

సెలైన్‌తో (ఉప్పునీటితో) ముక్కు కడగమంటారు. డాక్టర్ చెప్పిన రోజు నుంచి మానకుండా చేయండి. నీళ్లు కాచి చల్లార్చినవే కావాలి, కొళాయి నీళ్లు నేరుగా వాడకూడదు. కలుషిత నీరు ముక్కులోకి పోతే అమీబా మెదడుకు సోకే ప్రమాదం అరుదే అయినా ఉంది. కేరళలో ఈ జబ్బు కేసులు చూశాం. పసుపు వేసి ఆవిరి పట్టమని పెద్దవాళ్లు చెబుతారు. డాక్టర్ అనుమతి లేకుండా వద్దు, వేడికి రక్తస్రావం మొదలవుతుంది.

పథ్యం గురించి కూడా అడుగుతారు. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు తినకూడదని నెల రోజులు చారన్నం మీద ఉంచేస్తారు. అది తప్పు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ తినవచ్చు. మొదటి కొన్ని రోజులు పొగలు కక్కే వేడి మాత్రం వద్దు.

సెప్టోప్లాస్టీ అయితే మీ బ్యాంకు పనికి వారం పది రోజుల్లో, రైనోప్లాస్టీ కూడా అయితే రెండు వారాల్లో వెళ్లవచ్చు. బరువులెత్తడం, జిమ్, వంగి చేసే పనులు మూడు వారాలు మానండి. ఆకారం మార్పించుకున్నవారు కళ్లజోడును ముక్కుమీద ఆననీయకుండా నాలుగు నుంచి ఆరు వారాలు జాగ్రత్తపడాలి. ముక్కును ఒత్తే హెల్మెట్ ఉంటే అన్నాళ్లూ స్కూటీ పక్కన పెట్టాల్సిందే, హెల్మెట్ లేకుండా నడపడం దానికి మార్గం కాదు.

రక్తం ధారగా వస్తే తల ముందుకు వంచి కూర్చుని, నోట్లోకి వచ్చినదాన్ని ఉమ్మేయాలి. పది పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. తెరుచుకున్న ముక్కు రెండువైపులా మళ్లీ మూసుకుని సలపరంతో, జ్వరంతో ఉంటే దూలం పొరల మధ్య రక్తం గూడుకట్టి ఉండవచ్చు. దాన్ని వెంటనే తీయకపోతే మృదులాస్థి కరిగి ముక్కు మధ్యలో కుంగిపోతుంది. ఒకవైపు నుంచే తేటనీరు బొట్లుబొట్లుగా కారుతూ తలనొప్పి ఉన్నా, చూపులో తేడా వచ్చినా తెల్లారేదాకా ఆగవద్దు.

మీ విషయంలో లెక్క ఇది: చుక్కలు మాని, స్ప్రే వాడి, తిరిగి పరీక్ష చేయించుకునేసరికి నెలన్నర గడుస్తుంది. అప్పటికీ దూలమే అడ్డని తేలితే సెప్టోప్లాస్టీ ఒక్కటీ పెళ్లికి ముందు చేయించుకోవడానికి ఆరు వారాలు మిగులుతాయి. చాలుతాయి గానీ ఇరుకే. శ్వాస భరించగలిగేలా ఉంటే పెళ్లి తర్వాతకే పెట్టుకోండి.

ముక్కుపుడకను ఏ ఆపరేషన్‌కైనా ముందు తీసేయాలి. కుట్టించిన రంధ్రం పూడుకుపోకుండా ఏం చేయాలో సర్జన్‌ను అడగండి, మళ్లీ పెట్టుకోవడం ఆయన చూసి చెప్పాకే. పెళ్లి వేళకు అనుమతి రాకపోతే నొక్కి పెట్టుకునే రకం కూడా వద్దు, అది కూడా మానుతున్న ముక్కును ఒత్తుతుంది.

బీమా సంగతి. శ్వాస కోసం చేసే సెప్టోప్లాస్టీకి చాలా పాలసీలు వర్తిస్తాయి, కానీ కొత్త పాలసీల్లో దూలం, సైనస్ జబ్బులకు తరచూ రెండేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉంటుంది. అందం కోసం చేసేదానికి రాదు. ప్రమాదం వల్ల వచ్చిన వైకల్యానికి మినహాయింపు ఉన్నా, చిన్నప్పటి దెబ్బకు కాగితం ఏదీ లేదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. రెండూ కలిపి చేయించుకుంటే ఖర్చు అంచనాను విడివిడిగా రాయించి, బీమా కంపెనీ ముందస్తు అనుమతి తీసుకోండి. మొత్తం శ్వాస కోసమే చేసినట్లు రాసిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ క్లెయిము తిరస్కరిస్తే బిల్లు కట్టాల్సింది మీరే.