లాటిన్ రాకపోతే ఏం, పద్యం ఉంది కదా

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం, ఇప్పుడు డల్లాస్ దగ్గర ఉంటున్నాం. మా చర్చిలో కొందరు అమెరికన్ తల్లులు పిల్లల్ని స్కూలు మాన్పించి ఇంట్లోనే ‘క్లాసికల్’ పద్ధతిలో చదివిస్తున్నారు. లాటిన్, లాజిక్, పాత గ్రంథాలు, పొద్దున్నే బైబిల్ వచనాలు కంఠతా. చూస్తే ముచ్చటేస్తుంది, ఇంటికొచ్చాక టెన్షన్ పట్టుకుంటుంది. నాకు ఉద్యోగం, పాపకి 11, బాబుకి 7, ఇద్దరూ పబ్లిక్ స్కూలే. నేను చదివింది బీకాం, లాటిన్ ముక్క రాదు. వందల డాలర్ల పుస్తకాల సెట్లు కొనాలట. మావారేమో ‘ఇదంతా మనకెందుకు’ అంటారు. ఇంట్లో కొంతైనా ఎలా మొదలుపెట్టను?

జవాబు: చెల్లీ, ముందు ఆ సెట్టు కొనకు. ఈ కాలపు క్లాసికల్ చదువుకి ఊపు తెచ్చింది డొరొతీ సేయర్స్ 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగం. డిటెక్టివ్ నవలలు రాసుకునే ఆవిడ, పాఠాలు చెప్పిన అనుభవం తనకి పెద్దగా లేదని మొదట్లోనే ఒప్పుకుంది, నీకు బీకాం ఉంటే తప్పేంటి! మధ్యయుగాల యూరప్‌లో నేర్పిన వ్యాకరణం, తర్కం, వాక్చాతుర్యం అనే మూడింటినీ ఆవిడ పిల్లల వయసులకి జత చేసింది. మొదటిది చిలకపలుకుల వయసు, రెండోది ఎదురు మాట్లాడే వయసు, మూడోది కవిత్వపు వయసు.

మీ బాబు ఇంకా చిలకే. మన నాయనమ్మలు ఎక్కాలు, శతకాలు వల్లె వేయించింది ఈ వయసులోనే కదా. బైబిల్లో 119వ కీర్తన తియ్యి. అది హెబ్రీ అక్షరమాల వరసలో ఉంటుంది, అక్షరాలు 22, అక్షరానికి ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. వారానికో అక్షరం చొప్పున కారులో స్కూలుకి వెళ్తూ అనుకోండి, తెలుగులోనే. ఇక పద్యం మనది కాదనుకునే క్రైస్తవులు కొందరున్నారు, నాకు ఆ మాట అస్సలు నచ్చదు, మీ వైపు వినుకొండలో పుట్టిన జాషువాకి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిపెట్టింది ‘క్రీస్తు చరిత్ర’ అనే పద్యకావ్యమే. రోజుకో పాదం చాలు.

పాప సంగతి వేరు. ‘క్లాసులో అందరికీ ఫోనుంది’ అంటుంది చూడు, అప్పుడు కోప్పడకుండా ‘అందరూ అంటే ఎంతమంది, పేర్లు చెప్పు’ అని అడుగు. తర్కం పాఠం అయిపోయినట్టే. (నీ మాటల్లోనూ తప్పులు పట్టుకుంటుంది, ఓర్చుకో.)

వీటన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది తిరిగి చెప్పించడం. షార్లెట్ మేసన్ అనే ఇంగ్లండు ఉపాధ్యాయిని గట్టిగా పట్టుబట్టిన పద్ధతి ఇది. ఒక్కసారే చదివి వినిపించాలి, తర్వాత పిల్లలు తమ మాటల్లో చెప్పాలి, మనం మధ్యలో దూరకూడదు. ఓసారి నేను దోశలు పోస్తూ మా చిన్నవాడికి బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ చదివాను, అదే, ఇల్లొదిలి పోయిన చిన్నకొడుకు తిరిగొస్తే తండ్రి విందు చేసే కథ. పందులు, పొట్టు, కొవ్విన దూడ, అన్నీ చెప్పాడు, పెద్దకొడుకుని మాత్రం పూర్తిగా వదిలేశాడు. ఏడిరా అన్నయ్య అంటే, ‘లోపలికి రానన్నాడుగా, అందుకే బయటే ఉంచాను’ అన్నాడు. పెనం మీద దోశ మాడిపోయింది, నేను అలాగే నిలబడిపోయాను. చిన్నప్పటి నుంచి ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఆ పెద్దకొడుకు ఇంకా గుమ్మం బయటే ఉన్నాడన్న సంగతి అంతకుముందెప్పుడూ నాకు తట్టలేదు.

నీ చదువు కూడా మర్చిపోకు. పిల్లలు పడుకున్నాక పావుగంట, ఫోను పక్క గదిలో పెట్టి. తొలినాటి క్రైస్తవ బిషప్పు అగస్టీను ఆత్మకథతో మొదలుపెట్టు, వాక్చాతుర్యం పాఠాలు చెప్పుకుని బతికిన ఆయన కూడా చిన్నప్పుడు గ్రీకు అంటే ఎంత అసహ్యమో అందులో రాసుకున్నాడు. రెండు పేజీలైనా సరే, నచ్చిన వాక్యం ఒకటి నోట్‌బుక్కులో ఎక్కించు. లాటిన్ మీద నిజంగా మనసైతే వచ్చే ఏడాది చూద్దాం.

మీవారితో వాదన పెట్టుకోకు. చిన్నప్పుడు వాళ్ళ తాతయ్య పాడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఏదైనా ఒకటి పిల్లలకి నేర్పమని ఆదివారం అడిగి చూడు, రెండో చరణం దగ్గర మర్చిపోయి ఊరికి ఫోన్ చేస్తారు.