నెట్టు కట్టే ముందే నియమాలు రాయి

చిరంజీవి శ్రీనుకి,
పెదనాన్న ఆశీస్సులు.

హైస్కూలు గ్రౌండులో వాలీబాల్ క్లబ్బు పెడుతున్నావనీ, సంక్రాంతికి టోర్నమెంటు కూడా ఆడిస్తావనీ మీ అమ్మ చెప్పింది. మనింటి పిల్లాడు పదిమందిని పోగేస్తున్నాడంటే గర్వంగానే ఉంది. ఫోను పెట్టేశాక మాత్రం భయం మొదలైంది. ఊళ్లో క్లబ్బులు ఆట రాక మూతపడవురా, మనుషులకు పడక మూతపడతాయి. అందుకే ఈ ఉత్తరం.

రిజిస్ట్రేషనుకు 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు. బంతి 260 నుంచి 280 గ్రాముల మధ్య ఉండేది కొను. స్తంభాలకు స్పాంజి చుట్టించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నెట్టు ఎత్తు మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడపిల్లలకు 2.24. మధ్యలో కొలవాలి. రెండు చివర్లూ సమానంగా ఉండాలి, ఆ కొలతకన్నా రెండు సెంటీమీటర్లకు మించి పైకి లేవకూడదు. క్రమశిక్షణ గురించి చెబుతూ ఈ కొలతలెందుకంటావా? తగాదాలు ఎక్కువగా పుట్టేది నెట్టు దగ్గరే కనుక. పాదం నెట్టు కింది సెంటర్ లైను దాటినా, అందులో కొంత భాగం గీత మీదో, సరిగ్గా గీతకు పైన గాల్లోనో ఉంటే తప్పు లేదు. పాదం మొత్తం అవతలికి పోతేనే ఫౌలు. సగం మందికి ఇది తెలియదు, మిగతా సగం తమకు అనుకూలమైనప్పుడే గుర్తు తెచ్చుకుంటారు. మొదటి వారం ప్రాక్టీసులో ఒకరోజు బంతి ముట్టకుండా అందరినీ గీత దగ్గర నిలబెట్టి ఇవన్నీ చూపించు.

రిఫరీతో మాట్లాడే హక్కు కోర్టులో ఉన్న కెప్టెన్‌ ఒక్కడిదే. అదీ బంతి ఆటలో లేనప్పుడు మాత్రమే, వివరణ అడగడం లాంటి వాటికి. మిగతా అయిదుగురూ నోరు మూసుకుని వెనక్కి తిరిగి నడవడం కూడా సర్వీసులాగే సాధన చేయించాల్సిన పని. ప్రాక్టీసు మ్యాచుల్లో కూడా ఒకరికి విజిలిచ్చి, కార్డులిచ్చి కూర్చోబెట్టు. పసుపు కార్డు హెచ్చరిక, దానివల్ల పాయింటు పోదు. ఎరుపు కార్డయితే పాయింటూ సర్వీసూ అవతలి జట్టుకు దక్కుతాయి. రెండూ ఒకే చేత్తో చూపిస్తే ఆ సెట్టు వరకు బయటికి, విడివిడిగా రెండు చేతుల్లో చూపిస్తే మ్యాచంతా బయటికి. మా రోజుల్లో సర్వీసు ఉన్న జట్టుకే పాయింటు, గేము 15కి. మన సర్వీసు ఉన్నప్పుడు నోరు జారితే సర్వీసు మాత్రం చేతులు మారేది. 1998లో ర్యాలీ పాయింటు, అంటే సర్వీసు ఎవరిదైనా ప్రతి ర్యాలీకీ పాయింటు, వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. 23-23 దగ్గర ఒక్క బూతు మాటకు సెట్‌పాయింటు సమర్పించుకుంటావు.

ఇక అసలు సంగతి.

నాలుగో స్థానంలో, అంటే నెట్టు దగ్గర ఎడమవైపు, నిలబడి షాట్లు కొట్టేవాడు ప్రతి క్లబ్బులోనూ ఒకడుంటాడు. వాడు లేకపోతే గెలవలేమని నీకు తెలుసు, వాడికీ తెలుసు, బంతులందించే చిన్నపిల్లలకీ తెలుసు. మొదట ప్రాక్టీసుకు ఆలస్యంగా వస్తాడు, ఎవరూ అడగరు. తర్వాత బంతి కాస్త కిందికి లేపాడని సెట్టర్‌ని, అంటే షాటుకు బంతి లేపి ఇచ్చేవాణ్ణి, అందరిముందూ తిడతాడు. ఆ తర్వాత సెమీఫైనల్లో రిఫరీ మీదికి వెళతాడు. అప్పుడు పెద్దలందరూ ఒకటే మాటంటారు: "టోర్నమెంటు కానీ, తర్వాత చూద్దాం." ఎన్నో క్లబ్బులు చేసిన పాత తప్పు ఇదే. తర్వాత ఎవరూ చూడరు. కప్పు వచ్చి బల్ల మీద కూర్చున్నాక ఆ ఊసెత్తేవాడే పాపాత్ముడవుతాడు.

ముందుగా వెళ్లిపోయేది సెట్టర్. దాదాపు ప్రతి ర్యాలీలో జట్టు రెండో టచ్ అతని చేతుల మీదుగానే వెళుతుంది కనుక తిట్లన్నీ అతనికే తగులుతాయి. గట్టిగా కొట్టేవాణ్ణి ఒకటి రెండు సీజన్లలో తయారుచేసుకోవచ్చు. మంచి సెట్టర్‌కు ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత పధ్నాలుగేళ్ల వాళ్లు అదే మాట, అదే చేయి విసురు నేర్చుకుంటారు. చివరికి ఒకరోజు బెంచి మీది కుర్రాడు అదే తప్పు చేస్తాడు. నువ్వు శిక్ష వేస్తావు. సాయంత్రం వాళ్ల నాన్న వస్తాడు, "వాడికో న్యాయం, మావాడికో న్యాయమా?" అని. ఆ ప్రశ్నకు నీ దగ్గర జవాబుండదు. మన ఊళ్లలో ఆ ప్రశ్నలోకి కులం దూరడానికి ఒక్క పూట చాలు. మరుసటి నెల గ్రౌండుకు రెండు చివర్ల రెండు నెట్లుంటాయి.

కాబట్టి తప్పు జరగకముందే, ఎవరి మొహమూ మనసులో లేనప్పుడే కొలత రాసిపెట్టు. నెలలో మూడుసార్లు ఆలస్యమైనా, సొంత జట్టువాణ్ణి తిట్టినా తర్వాతి మ్యాచులో మొదటి సెట్టు బెంచి మీద. ఎరుపు కార్డు తెచ్చుకుంటే తర్వాతి మ్యాచు మొత్తం. చేయి చేసుకుంటే ఆ సీజను. తర్వాతి మ్యాచు ఫైనలైతే ఫైనలే. ఆ ఒక్క వాక్యం కింద అందరి సంతకాలూ, పిల్లలైతే తల్లిదండ్రుల సంతకాలూ తీసుకో.

ఆ వేడిలో, ఆ రాత్రే తీర్పు చెప్పకు. జరిగింది చూసినవాళ్లిద్దరితో అప్పుడే స్కోరుతో సహా రాయించు. మర్నాడు వాణ్ణి పిలిచి వాడి మాట పూర్తిగా విను. కమిటీలో ముగ్గురుండాలి, ఒకరు జట్టుతో సంబంధం లేని పెద్దమనిషి అయితే మేలు. చుట్టమైనవాడు ఆ రోజుకు పక్కకు జరగాలి. మూడు రోజుల్లో తేల్చి ముందు వాడికే చెప్పాలి. ఒకసారి అప్పీలుకు అవకాశమివ్వాలి. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క పెట్టకు, నీకు దణ్ణం పెడతాను.

ఇంకొకటి. స్నేహపూర్వక మ్యాచుల్లో ఆ షాట్లు కొట్టేవాణ్ణి అప్పుడప్పుడూ కావాలనే ఒక సెట్టు కూర్చోబెట్టి రెండోవాడితో కొట్టించు. వాడు లేకుండా ఆడటం జట్టుకు వస్తేనే కమిటీకి నోరు పెగులుతుంది.

డబ్బు జరిమానాలు వద్దు. ఉన్నవాడు కట్టి మళ్లీ తిడతాడు, లేనివాడు రావడం మానేస్తాడు. గుంజీళ్లు, గ్రౌండు చుట్టూ పరుగులు కూడా వద్దు. గెంతి గెంతి అరిగే మోకాళ్లకు అదనపు బరువవడమే కాక, కసరత్తు అంటేనే పిల్లలకు విసుగు పుడుతుంది. బెంచి మీద కూర్చోవడమే ఆటగాడికి అన్నిటికన్నా నొప్పి. పిల్లల మీద చెయ్యెత్తిన కోచ్‌ని ఆ రోజే పంపించెయ్. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లతో ఏ పెద్దవాడూ ఒంటరిగా ప్రయాణం చెయ్యకూడదు, ఒకే గదిలో ఉండకూడదు. ఎంత నమ్మకస్తుడైనా సరే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం అందరి చేతా చదివించు.

సంక్రాంతి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కోడిపందాల బరి దగ్గర గెలిచిన డబ్బు సాయంత్రానికి వాలీబాల్ కోర్టు చుట్టూ తిరుగుతుంది. పై పందెం కాసిన ఆటగాడికీ, తాగి కోర్టులోకి వచ్చినవాడికీ హెచ్చరిక దశ పెట్టకు, నేరుగా సీజను అంతా బయటికే. ప్రైజుమనీ ఎవరిస్తున్నారో మైకులో చెప్పించు, పేరు చెప్పొద్దన్నవాడి డబ్బు తీసుకోకు. రిఫరీలను పక్క మండలం నుంచి పిలిపించు. వాళ్ల భోజనం, తిరుగు ప్రయాణం నువ్వే దగ్గరుండి చూసుకో, ఓడిన జట్టు బండి ఎక్కే దాకా వాళ్లను ఒంటరిగా వదలకు.

నియమాల కాగితం రాశాక మొదట నాకు పంపు, తప్పులు దిద్ది ఇస్తాను. ఎండలో టోపీ పెట్టుకో.

మీ పెదనాన్న